టిఫిన్ తినాలా, మానాలా? మా ల్యాబ్ మెట్ల మీద పొద్దున్నే పడే ప్రశ్నలు

నేను నెల్లూరులో ఒక ల్యాబ్‌లో రక్తం శాంపిల్స్ తీస్తా, పదకొండేళ్ళ నుంచి ఇదే పని. సొంతూరు కందుకూరు దగ్గర, 2022లో మమ్మల్ని ప్రకాశం నుంచి తీసి నెల్లూరులో కలిపారు కాబట్టి రెండు జిల్లాల వంటలూ మావే అని చెప్పుకుంటా. పొద్దున ఆరుంబావుకి షట్టర్ ఎత్తేసరికే పది మంది ఖాళీ కడుపుతో మెట్ల మీద కూర్చోని ఉంటారు, ఎదురుగా బండి మీద నుంచి కారం దోశ వాసన వస్తా ఉంటది, వాళ్ళ బాధ చూడాలి. సూది గుచ్చేలోపు అందరూ అడిగేది తిండి గురించే, అదీ రోజూ అవే ప్రశ్నలు, అందుకే ఒకచోట రాసి పెడతన్నా. నేను డాక్టర్ని కాదబ్బా, మందులు మార్చుకునే సంగతి మాత్రం మీ డాక్టర్ దగ్గరే తేల్చుకోండి.

టిఫిన్ తినకపోతే నిజంగా ఏమన్నా అయిపోద్దా?

అది మీరెవరన్నదాన్ని బట్టి ఉంటది. రాత్రి ఎనిమిదిన్నరకి తిని పొద్దున ఎనిమిదిన్నరకి టిఫిన్ అంటే మధ్యలో పన్నెండు గంటలు, మనం పడుకున్నా మెదడు పడుకోదు, ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో ఇంచుమించు ఐదో వంతు దానికే పోద్ది, దానికి కావాల్సిన గ్లూకోజ్‌ని లివర్ తను దాచిపెట్టుకున్న దాంట్లోంచి కొంచెం కొంచెం వదుల్తా ఉంటది. తెల్లారుజామున కార్టిసాల్ లాంటి హార్మోన్లు పెరిగి ఇంకాస్త గ్లూకోజ్ బయటికి తోస్తాయి, అందుకే ఏం తినకుండానే లేచి పళ్ళు తోముకొని బస్సెక్కగలుగుతున్నాం. కాబట్టి ఏ జబ్బూ లేని పెద్దమనిషి ఒక పూట మానేస్తే కొంపలేం మునగవు.

మునిగేది ఎవరికంటే షుగర్ మందులు వాడేవాళ్ళకి, ఎదిగే పిల్లలకి, కడుపుతో ఉన్న ఆడపిల్లలకి, పాలిచ్చే తల్లులకి, ఇంకా పొద్దున ఆరింటి నుంచే ఒళ్ళొంచేవాళ్ళకి. చీమకుర్తి క్వారీల్లో ఎండలో రాయి దగ్గర పనిచేసేవాడికీ, పొగాకు చేలో ఆకు కోసే ఆడోళ్ళకీ, ఏసీలో కుర్చీలో కూర్చొనే నాలాంటోడికీ ఒకటే రూలు ఎట్టా కుదురుద్ది చెప్పండి.

తినడం వల్ల లాభాలంటారా, ఉన్నాయి. అదే అన్నం, అదే ఇడ్లీ రాత్రి పదింటికి తిన్నప్పటికంటే పొద్దున తింటే ఒళ్ళు బాగా సర్దుకుంటది, ఎందుకంటే చాలామందిలో ఇన్సులిన్ పొద్దునపూట బాగా పనిచేస్తది. ఇంకోటి చెప్తే నవ్వుతారు గానీ, కడుపులో తిండి పడగానే పెద్దపేగు కదుల్తది, టిఫిన్ అయిన పావుగంటకి బాత్రూం గుర్తొచ్చేది అందుకే, మలబద్ధకం అని రోజూ పౌడర్లు కలుపుకునేవాళ్ళు ముందు ఒక టైముకి తిని చూడండి.

"రోజులో అన్నిటికన్నా ముఖ్యమైంది బ్రేక్‌ఫాస్టే" అంటారు గదా, ఎవరన్నారు ఆ మాట?

మన పెద్దోళ్ళు అన్నారనుకుంటే పొరపాటు. ఈ మాట 1917లోనే అమెరికాలో గుడ్ హెల్త్ అనే పత్రికలో కనపడుద్ది, ఆ పత్రిక నడిపింది జాన్ హార్వే కెల్లాగ్ అనే డాక్టరు, ఆయన తమ్ముడే 1906లో కార్న్‌ఫ్లేక్స్ కంపెనీ పెట్టింది. అర్థమైంది కదా. ఆ కంపెనీ 1990ల్లో మన దేశంలోకి వచ్చినప్పుడు మనోళ్ళు కార్న్‌ఫ్లేక్స్‌లో వేడి పాలు పోసుకుంటే అవి మెత్తబడి ముద్దయిపోయాయి, వేడిగా తింటేనే తిన్నట్టు ఉండే జనం మనం.

అట్టాగని అంతా వ్యాపారమే అనీ కొట్టిపారేయలేం. 2013లో హార్వర్డ్ వాళ్ళు 26,902 మంది మగవాళ్ళని 16 ఏళ్ళు గమనించిన లెక్కలు బయటపెట్టారు, టిఫిన్ మానేసేవాళ్ళలో గుండెజబ్బు ముప్పు 27 శాతం ఎక్కువ కనపడింది. అయితే ఆ మానేసేవాళ్ళలోనే సిగరెట్లు తాగేవాళ్ళు ఎక్కువ, ఒళ్ళు కదిలించనోళ్ళు ఎక్కువ. వాటన్నిటినీ లెక్కలో సర్దుబాటు చేశామన్నారు గానీ, గుండెకి దెబ్బ టిఫిన్ మానడం వల్ల తగిలిందా, ఆ బతుకు తీరు వల్ల తగిలిందా అనేది ఇట్టాంటి లెక్కల్లో పూర్తిగా తేలదు. నాకైతే రెండోదే ఎక్కువ అనిపిస్తది.

టిఫిన్ మానేస్తే బరువు తగ్గుతానా? తింటేనే తగ్గుతారని మా జిమ్ కోచ్ అంటాడు.

ఇద్దరూ కొంచెం కొంచెం తప్పే. 2019లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 13 ప్రయోగాలని కలిపి చూసిన రిపోర్ట్ వచ్చింది, ఆస్ట్రేలియా మోనాష్ యూనివర్సిటీ వాళ్ళది, అందులో టిఫిన్ తిన్నవాళ్ళు మానేసినవాళ్ళ కంటే రోజు మొత్తం మీద ఓ 260 కేలరీలు ఎక్కువే తిన్నారు, మానేసినవాళ్ళు అరకిలో కూడా కాదు, 0.44 కిలో తక్కువ తూగారు. అంటే తింటేనే తగ్గుతారు అనేది నిలబడలా, మానేస్తే తగ్గేదీ చేటలో మిగిలిన నూకంత. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో నేను చూసింది ఏందంటే, పొద్దున మానేసిన మనిషి పదకొండింటికి రెండు సమోసాలు, ఒక టీ, నాలుగు బిస్కెట్లు లాగించి "నేను ఏం తినలేదండీ పొద్దున్నించి" అంటాడు, ఆ మాట ఆయన నిజంగానే నమ్ముతాడు కూడా.

పదహారు గంటలు ఉపవాసం అని ఇప్పుడు కుర్రాళ్ళు చేస్తున్నారు గదా, ఆరోగ్యం బాగుంటే చేసుకోండి, కాకపోతే పొద్దున మానేసి రాత్రి పదకొండింటికి బిర్యానీ తినడం కంటే రాత్రి ఏడింటికే ముగించి పొద్దున తినడం మేలు.

షుగర్ ఉంది. టిఫిన్ మానేస్తే షుగర్ తగ్గుద్దని మానేస్తున్నా, కరెక్టేనా?

కాదు. దీని మీద కొంచెం ఎక్కువ రాస్తా, మా ల్యాబ్‌కి వచ్చేవాళ్ళలో సగం మంది వీళ్ళే.

పొద్దున తిననప్పుడు షుగర్ తక్కువ చూపిస్తది, నిజమే, దెబ్బ తగిలేది మధ్యాహ్నం. 2015లో ఇజ్రాయెల్ పరిశోధకులు షుగర్ ఉన్న 22 మందితో చేశారు, ఒకరోజు టిఫిన్ పెట్టి ఒకరోజు పెట్టకుండా, మధ్యాహ్నం భోజనం మాత్రం రెండు రోజులూ ఒకటే. టిఫిన్ తినని రోజు భోజనం తర్వాత షుగర్ బాగా పైకి పోయింది, రాత్రి భోజనం తర్వాత కూడా ఆ తేడా పోలా. పొద్దున ఒకసారి తిండి చూసిన ప్యాంక్రియాస్, అంటే ఒంట్లో ఇన్సులిన్ తయారుచేసే గ్రంథి, మధ్యాహ్నానికి వార్మప్ అయి ఉంటది, లేకపోతే మధ్యాహ్నం అన్నం కుప్ప చూసి బిత్తరపోద్ది, నాకు తెలిసిన భాషలో ఇంతే.

రెండోది ఇంకా ముఖ్యం, గ్లిమిపిరైడ్ లాంటి టాబ్లెట్లు గానీ ఇన్సులిన్ గానీ వేసుకొని తినకుండా కూర్చుంటే షుగర్ పడిపోద్ది. రెండేళ్ళ కింద కోవూరు వైపు నుంచి ఒక పెద్దామె ఫాస్టింగ్ టెస్ట్‌కి వచ్చింది, ఫోన్‌లో "ఏం తినకుండా రా అమ్మా" అని మా వాళ్ళు చెప్పారు, టాబ్లెట్ కూడా వేసుకోకుండా రమ్మని చెప్పలా, అది మా తప్పే. ఆమె రోజూ అలవాటు కొద్దీ ఇంట్లో మాత్ర మింగి బస్సెక్కింది. ఎనిమిదింటికి కుర్చీలో చెమటలు, చేతులు వణుకు, పక్కనున్న కోడలు "ఫ్యాన్ కింద కూర్చో అత్తమ్మా" అంటోంది, నేను వేలు గుచ్చి చూస్తే 52. 70 కంటే కిందికి పోతేనే ప్రమాదం. మూడు స్పూన్లు చక్కెర నీళ్ళలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలు ఆగి మళ్ళీ చూస్తే 84, అప్పుడు బండి దగ్గర నుంచి రెండు ఇడ్లీ తెప్పించి తినిపించాం. తింటా తింటా ఆమె అన్న మాట "టెస్ట్ పాడైపోయిందా నాయనా". అప్పటి నుంచి ఫోన్ ఎవరు ఎత్తినా మాత్ర మాట ముందు చెప్పాల్సిందే అని గోడకి రాసి అంటించా.

(మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు, 108కి కొట్టండి.)

ఫాస్టింగ్ టెస్ట్ అంటే టీ కూడా తాగకూడదా? తిన్న తర్వాత టెస్ట్‌కి ఎంతసేపు ఆగాలి?

కనీసం 8 గంటలు నీళ్ళు తప్ప ఏమీ వద్దు. టీ వద్దు, చక్కెర లేని టీ కూడా వద్దు, పాన్‌పరాగ్ వద్దు, అదేం తిండి కాదు గదా అనేవాళ్ళున్నారు. తిన్న తర్వాత టెస్ట్‌కి రెండు గంటలు అనేది మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నప్పటి నుంచి, చెయ్యి కడుక్కున్నప్పటి నుంచి కాదు. ఆ రోజు కూడా మామూలుగా తినేదే తినండి, రిపోర్ట్ బాగా రావాలని ఒక్క ఇడ్లీతో సరిపెట్టుకుంటే మోసపోయేది మీ డాక్టర్ కాదు, మీరే. ఫాస్టింగ్ 100 లోపు మామూలు, 100 నుంచి 125 అయితే హద్దు మీద ఉన్నారు, 126 గానీ ఆపైన గానీ ఉంటే షుగర్ కిందే లెక్క, కాకపోతే ఒక్క రిపోర్ట్‌తో ఖాయం చెయ్యరు, ఇంకోసారి చూస్తారు.

మన టిఫిన్లలో ఏది మంచిది? ఇడ్లీ ఆరోగ్యం అంటారు, నిజమేనా?

ఇడ్లీ నూనె లేనిది, పులిసింది, మెత్తగా అరిగేది, అంతవరకు ఓకే. కాకపోతే బియ్యం భాగం ఎక్కువ, ఒక్కో ఇడ్లీలో ప్రోటీన్ రెండు గ్రాముల చుట్టుపక్కలే. ఆరు ఇడ్లీలు సాంబారులో ముంచి తింటే కడుపు నిండుద్ది, పదకొండింటికల్లా మళ్ళీ ఖాళీ. నేను చెప్పేది ఒకటే, ఇడ్లీలు మూడు చేసి పక్కన ఇంకేదైనా పెట్టండి, ఉడికించిన కోడిగుడ్డు ఒకటి అయితే ఆరు గ్రాముల ప్రోటీన్, గుప్పెడు శనక్కాయలు అయితే ఏడెనిమిది. శనక్కాయల చట్నీ మన వైపు ఎట్టాగూ ఉంటది, అది పలచగా నీళ్ళలాగా కాకుండా గట్టిగా చేసి రెండు గరిటెలు వేసుకోండి, కొబ్బరి చట్నీ కంటే అదే లాభం.

కారం దోశ గురించి నన్ను అడగొద్దు, నేను పక్షపాతిని. ఎర్రకారం పూసి, పైన పప్పుల పొడి చల్లి, పెనం మీదే ఎర్రగా కాలనిచ్చి మడిచి ఇస్తాడు చూడండి, అంచు విరిస్తే చప్పుడు రావాలి. తిన్నాక పది నిమిషాలు చెవులు వేడిగా ఉంటాయి. వారానికి ఒకటి రెండుసార్లు తింటే తప్పేం లేదు, రోజూ అంటే నూనె సంగతి చూసుకోవాలి, కడుపులో మంట ఉన్నవాళ్ళు అసలే వద్దు. పూరీ, మైసూర్ బజ్జీ కూడా ఆదివారం బాపతు. కాగిన నూనెనే మళ్ళీ మళ్ళీ కాచే బండి దగ్గర మాత్రం తినకండి, నూనె నల్లగా ఉండి నురగ కడతా ఉంటే తెలిసిపోద్ది. వేడి సాంబారు పలచటి ప్లాస్టిక్ కవర్లో కట్టించుకోవడం కూడా మానండి, ఇంటి నుంచి ఒక స్టీల్ క్యాన్ తీసుకెళ్తే బండాయన ఏమీ అనుకోడు, ఇంకో గరిటె ఎక్కువే పోస్తాడు.

పొంగలి, పెసరట్టు రెండూ మంచివే ఎందుకంటే పెసలున్నాయి. పులిబొంగరాలు మా అమ్మ మిగిలిన దోశ పిండితో వేసేది, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ వేసి, గుంటకి అర స్పూను నూనెతో అయిపోయేది.

నన్నడిగితే మన వైపు అందరూ మర్చిపోయిన టిఫిన్ ఒకటుంది, శనగ గుగ్గిళ్ళు. ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడిలో శనగలు అంత పండిస్తాం, పండించిన శనగలు లారీ ఎక్కించి మనం ఓట్స్ ప్యాకెట్ కొనుక్కుంటాం. రాత్రి నానేసి పొద్దున కుక్కర్లో మూడు విజిల్స్, ఎండుమిరపకాయ, కరేపాకు తాలింపు, అంతే పని. వంద గ్రాముల ఎండు శనగల్లో ప్రోటీన్ ఇంచుమించు 18 నుంచి 20 గ్రాములు, పీచు కూడా బాగా ఉంటది, పెద్ద గుప్పెడు తిన్నోడు మధ్యాహ్నం దాకా కదలడు. అలసందలు కూడా అంతే.

ఓట్స్ చెడ్డవి కావు, ఖరీదు ఎక్కువ అంతే.

సద్దన్నం తినొచ్చా?

నిక్షేపంగా. మా జేజి బతికినన్నాళ్ళూ తిన్నది అదే, రాత్రి మిగిలిన అన్నంలో నీళ్ళు పోసి కాస్త మజ్జిగ వేసి మట్టి చట్టిలో మూత పెట్టేది, పొద్దున ఉప్పు వేసి పిసికి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకొని పొలం పోయేది. రాత్రంతా పులిసేటప్పుడు పెరుగు తోడుకునే జాతి బ్యాక్టీరియానే పనిచేస్తాయి, ఆ పులుపు వల్ల అన్నంలో ఉన్న కాస్త ఇనుమూ ఒంటికి బాగా పడుద్ది, ఎండాకాలం నీళ్ళూ ఉప్పూ రెండూ అందుతాయి. ఒక్క జాగ్రత్త, అన్నం వండి మధ్యాహ్నం నుంచి రాత్రిదాకా ఊరికే బయట పెట్టేసి, ఆ తర్వాత గుర్తొచ్చి నీళ్ళు పోస్తే కుదరదు, వెచ్చగా ఉండిపోయిన అన్నంలో వాంతులు తెప్పించే బ్యాక్టీరియా పెరుగుద్ది, మళ్ళీ వేడి చేసినా దాని విషం పోదు. వాసన తేడాగా ఉంటే, జిగురు వస్తే గేదెకి కూడా పెట్టొద్దు. షుగర్ ఉన్నవాళ్ళు చట్టి నిండా కాకుండా గిన్నెడు తినండి, ఎంతైనా అది అన్నమే.

కనిగిరి, పొదిలి వైపు వాళ్ళయితే సజ్జ సంగటి, జొన్న అంబలి మీ తాతల తిండే, ఇప్పుడు దాన్నే మిల్లెట్ అని రెండింతల రేటుకి అమ్ముతున్నారు.

టిఫిన్ మానేస్తే అల్సర్ వస్తదా?

రాదు. అల్సర్లకి ఎక్కువగా కారణం హెలికోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియా, తర్వాత నొప్పి మాత్రలు. ఆ బ్యాక్టీరియా సంగతి తేల్చిన బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్‌కి 2005లో నోబెల్ వచ్చింది, మార్షల్ అయితే రుజువు చెయ్యడానికి ఆ బ్యాక్టీరియాని తనే తాగాడు. కాకపోతే ఖాళీ కడుపుతో నొప్పి మాత్ర వేసుకోవడం, ఖాళీ కడుపుతో నాలుగు టీలు తాగడం వల్ల మంట పెరిగే మాట నిజం.

నాకు పొద్దున టీ చాలు, వేరే ఏమీ వద్దు.

టీ తిండి కాదు. అది ఆకలిని కాసేపు కప్పిపెడుద్ది. తిన్న వెంటనే తాగినా తిండిలో ఇనుమును ఒంటికి పట్టనీయదు, హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో కూడా భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ కాఫీలు వద్దనే ఉంది. ఐరన్ మాత్ర టీతో మింగి "ఆరు నెలల్నించి వాడుతున్నా రక్తం పెరగలేదు" అని వచ్చేవాళ్ళు నాకు వారానికి ఇద్దరు తగులుతారు.

థైరాయిడ్ మాత్ర కూడా అంతే, లేవగానే మంచినీళ్ళతో వేసుకొని అరగంట నుంచి గంట ఆగి అప్పుడు టీ, టిఫిన్. కాల్షియం, ఐరన్ మాత్రలు ఉంటే దానికి నాలుగు గంటలు దూరం పెట్టండి.

పిల్లోడు తినకుండా బస్సెక్కుతాడు, ఏం చెయ్యాలి?

పిల్లల మీద టిఫిన్ ప్రభావం బాగా కనిపించేది అరకొర తిండి తినే ఇళ్ళల్లో, జమైకా పల్లెల్లో బడిలోనే టిఫిన్ పెట్టి చూస్తే పిల్లలు బడికి రావడం పెరిగింది, చిన్న తరగతుల వాళ్ళకి లెక్కలు మెరుగయ్యాయి. తమిళనాడు 2022 సెప్టెంబర్ నుంచి సర్కారు బళ్ళలో టిఫిన్ పెడతా ఉంది. మన దగ్గర 2023లో బళ్ళలో రాగిజావ మొదలుపెట్టారు, రాగుల్లో వంద గ్రాములకి 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం, అంత ఇంకే ధాన్యంలోనూ లేదు.

ఇంట్లో అయితే ముందు రాత్రి పదిన్నరకి ఫోన్ చూస్తా తినడం ఆపించండి, పొద్దున ఆకలి దానంతట అదే వస్తది. అప్పటికీ తినకపోతే గొడవ పడకుండా ఒక గ్లాసు పాలు, ఒక అరటిపండు, డబ్బాలో రెండు శనక్కాయల ఉండలు. మా వాడు ఉండ జేబులో వేసుకొని బస్సులో తింటాడు, యూనిఫాం జేబుకి చీమలు పడతాయి, పడనీ.

నేను రొయ్యల గుంటల దగ్గర నైట్ డ్యూటీ. పొద్దున ఆరింటికి ఇంటికొచ్చి పడుకుంటా. నాకు టిఫిన్ ఎప్పుడు?

ఇది ముత్తుకూరు, అల్లూరు వైపు నుంచి చాలామంది అడుగుతారు, పోర్టు వాళ్ళు కూడా. రాత్రంతా గుంట నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు చూసుకుంటా మూడింటికి పరోటాలు తిని, ఆరింటికి మళ్ళీ నాలుగు దోశలు తిని పడుకుంటే ఛాతీలో మంట, పొట్ట, షుగర్ మూడూ వస్తాయి. డ్యూటీకి పోయే ముందు గట్టిగా భోంచెయ్యండి, అర్ధరాత్రి దాటాక గుగ్గిళ్ళో, గుడ్డో, మజ్జిగో, పొద్దున పడుకునే ముందు ఆకలి తీరేంత రెండు ఇడ్లీ చాలు. మీ అసలు టిఫిన్ నిద్ర లేచాక తినేదే, అది మధ్యాహ్నం రెండైనా సరే.

రంజాన్‌లో సహర్‌కి ఏం తినాలి?

తెల్లారుజామున అంటే మీకు అదే టిఫిన్, మానేసి రోజా ఉండకండి. గుడ్డు, పెరుగు, గోధుమ రొట్టె, పప్పు లాంటివి ఎక్కువసేపు ఆపుతాయి, ఉప్పు ఎక్కువున్నవి తింటే దాహం చంపుద్ది. ఇన్సులిన్ వాడేవాళ్ళు నెల మొదలవకముందే డాక్టర్‌ని కలిసి డోసు మార్పించుకోవాలి.

వంట చేసి అందరికీ పెట్టేసరికి పదకొండవుద్ది, అప్పుడు టిఫిన్ తినాలా, అన్నమే తినేయాలా?

ఈ ప్రశ్న అడిగేది ఒక్క ఆడోళ్ళే, ఇన్నేళ్ళలో ఒక్క మగోడు అడగలా. మన రాష్ట్రంలో సగం కంటే ఎక్కువ మంది ఆడవాళ్ళకి రక్తం తక్కువ, రోజూ నా చేతిలో ఉండే ట్యూబుల్లో చూస్తానే ఉన్నా, హిమోగ్లోబిన్ ఎనిమిది, తొమ్మిది. అడిగితే "టైం లేదండీ" అంటారు. నలుగురికి ఇరవై దోశలు పోసిన మనిషికి పెనం మీద చివరి రెండు దోశలు, గిన్నె అడుగున గీకిన చట్నీ, అదీ ఫోన్ పట్టుకొని నిలబడి.

అక్కా, పదకొండు దాకా ఆగొద్దు. పిండి కలిపేటప్పుడే ఒక గుడ్డు ఉడకేసుకొని మీరు ముందు తినేయండి. పోయిన్నెల మా ఇంట్లో నేనే చూశా, మా ఆవిడ రిపోర్ట్ నా ల్యాబ్‌లోనే వచ్చింది, 9.1. పదకొండేళ్ళ నుంచి ఊరందరికీ చెప్తా ఉన్నా గానీ పొద్దున ఆరింటికి నేను బయటపడ్డాక ఇంట్లో ఎవరు ఎప్పుడు తింటన్నారో నాకే తెలీదు. ఇప్పుడు రాత్రి శనగలు నానబెట్టే పని నాది, ఐదున్నరకి కుక్కర్ పెట్టేదీ నేనే, మొదటి గిన్నె ఆమెకి ఇచ్చాకే బండి తీస్తన్నా. ఉప్పు ఎక్కువేస్తన్నానని తిడతా ఉంది, తింటా ఉంది. మూడు నెలల తర్వాత మళ్ళీ ట్యూబ్ తీస్తా.